పిల్లుల సంగతి ఎవరు రాసుకున్నారు?

పిహెచ్‌.డి. కోసం స్త్రీల పాటలు సేకరిస్తూ తిరిగిన రోజుల్లో హైదరాబాదుకు పడమరగా, రసాయన ఫ్యాక్టరీలను ఆనుకుని ఉన్న ఒక ఊరికి వెళ్ళాను. అక్కడొక పెద్దామె నాట్ల పాటలు బాగా పాడుతుందని ఎవరో చెప్పారు. ఆమె రెండు పాటలు పాడి, మూడోది ఎత్తుకోబోతూ ఆగిపోయింది.

"నాట్లే లేవు, ఇంగ పాటలెక్కడియి బిడ్డా? ముందుగాల మా బర్లకు సూడి నిల్వకుంట అయింది. ఆ వాగు నీళ్ళు తాగినయన్నీ గట్లనే అయినయి. మేం జెప్తె ఎవ్వలిన్నరు?"

ఆమె అలా చెప్పుకుపోతూనే ఉంది. నేను బ్యాటరీ అయిపోతుందని రికార్డర్ ఆపేశాను. నాకు కావలసింది పాట. బర్రెల సంగతి నా సిద్ధాంత గ్రంథంలో ఏ అధ్యాయంలోనూ ఇమడదు. ఆమె మాట ముగించేదాకా మర్యాదగా తలాడిస్తూ కూర్చుని, మళ్ళీ పాట అడిగాను.

ఇదంతా ఇప్పుడు చెప్పడానికి కారణం ఇషిమురె మిచికో అనే జపాన్ రచయిత్రి. ఆమె రాసిన 'కుగాయ్ జోదో'ను 1990లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో చదివాను. ఆ పుస్తకం పుట్టిన మినమాటా ఊరి చరిత్ర వెతుక్కుని చదువుతుంటే, నేను ఆపేసిన ఆ రికార్డర్ పదేపదే గుర్తొచ్చింది.

మినమాటా జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలో, షిరనుయ్ సముద్రం ఒడ్డున ఉంది. 1908 నుంచి అక్కడ చిస్సో కంపెనీ ఉంది. ఊళ్ళో ఉద్యోగాలన్నా, పన్నులన్నా, ఆస్పత్రి అన్నా అదే. ఫ్యాక్టరీ వల్ల చేపలు పడటం లేదని జాలర్లు మొరపెట్టుకుంటే 1926లోనే ఎంతో కొంత డబ్బిచ్చి, ఇక అడగకూడదని రాయించుకుంది. 1932లో ఎసిటాల్డిహైడ్ తయారీ మొదలైంది. ఆ తయారీలో చర్య త్వరగా జరగడానికి పాదరసం వాడేవారు. అందులో కొంత మిథైల్ పాదరసంగా మారి, మురుగునీటితో కలిసి సముద్రంలోకి పోయింది. నీళ్ళలో అది కాస్తే కావచ్చు. కానీ సూక్ష్మజీవుల్లోంచి చిన్న చేపల్లోకి, చిన్న చేపల్లోంచి పెద్ద చేపల్లోకి, ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ అది పోగుపడుతుంది. పై మెట్టు మీద ఉన్నది పిల్లి, కాకి, మనిషి.

1950ల మొదట్లో చేపలు తేలడం మొదలైంది. కాకులు ఎగురుతూ ఎగురుతూ పడిపోయాయి. పిల్లులు తూలి, గిరగిరా తిరిగి, గోడలకు కొట్టుకుని, సముద్రంలో పడి చచ్చిపోయాయి. 1954 ఆగస్టు 1న అక్కడి స్థానిక దినపత్రికలో ఒక వార్త వచ్చింది. మోదో అనే జాలరి పల్లెలో పిల్లులన్నీ చచ్చిపోయాయట, ఎలుకల బాధ పడలేకపోతున్నారట. పేపరు దృష్టిలో అది ఎలుకల సమస్య! మనుషుల జబ్బు రికార్డులకెక్కడానికి ఇంకా దాదాపు రెండేళ్ళుంది.

చేప కడిగి, తలా తోకా పిల్లికి వేసేది ఎవరు? ఆ పిల్లి నడక మారిందని ముందు గమనించేది ఎవరు? ఏ ఆధారమూ చూపకుండానే మన వంటిళ్ళ అనుభవంతో దీనికి జవాబు చెప్పగలం. కానీ ఆ చూపును చరిత్ర గ్రంథాలు జ్ఞానంగా లెక్కవేయవు. 'పల్లెవాసులు గమనించారు' అన్న ఒక్క వాక్యంలో దాన్ని కలిపేస్తాయి.

మినమాటా వ్యాధిని అధికారికంగా కనుగొన్న తేదీ 1956 మే 1. కంపెనీ ఆస్పత్రి డైరెక్టర్ హొసొకవ హజిమె ఆ రోజు ఆరోగ్య శాఖకు కబురు చేశాడు. అంతకు పది రోజుల ముందు నడవలేక, మాట తడబడుతున్న అయిదేళ్ళ పాపను ఆ ఆస్పత్రికి తీసుకొచ్చారు. కొద్ది రోజుల్లో ఆమె చెల్లెలికీ అవే లక్షణాలు వచ్చాయి. పక్కింటి పాపకు కూడా ఇలాగే ఉందని డాక్టర్లకు చెప్పింది ఆ పిల్లల తల్లి. ఆ మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే మిగతా రోగులు బయటపడ్డారు. పుస్తకాల్లో తేదీ ఉంది, డాక్టరు పేరుంది. తల్లి మాత్రం 'తల్లి'గానే ఉండిపోయింది.

అంటువ్యాధేమోనని ఆ ఇళ్ళకు మందు కొట్టారు, రోగులను విడిగా ఉంచారు, ఊరు వాళ్ళను వెలివేసింది. ఆ ఏడాది నవంబరుకల్లా ఇది అంటువ్యాధి కాదనీ, చేపల ద్వారా వచ్చే లోహవిషమనీ కుమమోటో విశ్వవిద్యాలయం పరిశోధకులు అనుమానించారు. 1959 జులైలో అది పాదరసమేనన్నారు. అదే ఏడాది అక్టోబరులో హొసొకవ ఫ్యాక్టరీ మురుగునీటిని కలిపిన తిండి పెట్టిన పిల్లి, ఊళ్ళో పిల్లుల్లాగే తూలి పడిపోయింది. దాని నంబరు 400. ఇళ్ళల్లో చచ్చిన పిల్లులేవీ సాక్ష్యం కాలేదు. నంబరు వేసిన పిల్లి సాక్ష్యమయ్యేదే, కానీ కంపెనీ ఆ ఫలితాన్ని తొక్కిపెట్టింది. డిసెంబరు 30న రోగుల చేత ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకుంది. ఆ ఇచ్చేది నష్టపరిహారం కాదు, 'సానుభూతి సొమ్ము'. రేపు తప్పు ఫ్యాక్టరీదేనని తేలినా మళ్ళీ అడగకూడదని అందులో ఒక షరతు! హొసొకవ ఆ పిల్లి సంగతి కోర్టుకు చెప్పింది 1970లో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు, ఆస్పత్రి మంచం మీంచి.

నన్ను మరీ కలవరపెట్టింది పుట్టుకతో ఆ జబ్బున్న పిల్లల కథ. గర్భంలో బిడ్డకు మాయ రక్షణ కవచమనీ, విషాన్ని అది లోపలికి రానివ్వదనీ అప్పటి వైద్యశాస్త్రం నమ్మేది. అందుకే మెడ నిలవని, మాట రాని పసిపిల్లలను చూసి ఇది మరేదో మెదడు జబ్బు అన్నారు. 1961లో హరాద మసజుమి అనే యువ డాక్టరు ఒక ఇంటి వసారాలో ఇద్దరు అన్నదమ్ములను చూశాడు. ఇద్దరిదీ ఒకే తీరు. కానీ పెద్దవాడిదే మినమాటా వ్యాధి, చిన్నవాడిది కాదని డాక్టర్లు తేల్చారు. చిన్నవాడు చేపలు తినలేదు కదా! తిన్నది నేను, వీడు అప్పుడు నా కడుపులో ఉన్నాడని ఆ తల్లి వాదన. హరాద మొదట నమ్మలేదు, తర్వాత విన్నాడు. 1962లో ఒక పాప చనిపోయాక శవపరీక్షలో తల్లి మాటే నిజమని తేలింది. ఆ నవంబరులో 16 మంది పిల్లలను పుట్టుకతో వచ్చిన మినమాటా రోగులుగా గుర్తించారు. మిథైల్ పాదరసాన్ని మాయ ఆపకపోగా, తల్లి రక్తంలో కంటే బిడ్డ రక్తంలోనే అది ఎక్కువ చేరుతుందని ఇప్పుడు మనకు తెలుసు.

మన ఇళ్ళల్లో రాలిన బొడ్డును వెండి తాయెత్తులో పెట్టి బిడ్డ మొలతాడుకు కడతారు. నాది మా అమ్మ బీరువాలో ఇప్పటికీ ఉంది. జపాన్‌లో ఎండిన బొడ్డుతాడును చిన్న చెక్కపెట్టెలో దాచుకుంటారు. 1970లలో హరాద, ఆయన తోటివాళ్ళు ఆ పెట్టెలను అడిగి తీసుకుని పరీక్షించారు. ఎసిటాల్డిహైడ్ ఉత్పత్తి పెరిగిన ఏళ్ళలో పుట్టినవారి బొడ్డుతాళ్ళలో పాదరసమూ పెరిగింది. కంపెనీ దాచిన లెక్కను తల్లులు తెలియకుండానే బీరువాల్లో, సొరుగుల్లో భద్రం చేశారన్నమాట!

ఇక్కడ ఆగి ఒక మాట అనుకోవాలి. నా విషమంతా నా బిడ్డ లాక్కుంది, అందుకే నేను బతికాను, వీడు మా ఇంటి దేవుడు అని తల్లులు చెప్పేవారు. ఈ మాటను మాతృత్వపు మహిమగా చదవడం సులువు. నాకు మాత్రం ఇందులో భయంకరమైన బరువు కనిపిస్తుంది. విషం వదిలింది కంపెనీ, తిన్నందుకు కుమిలింది తల్లి. గర్భిణి చేపలు తింటే బలమని ఆమెకు ప్రేమగా వండిపెట్టి ఉంటారు. ఆ తర్వాత ముప్పై, నలభై ఏళ్ళ బిడ్డకు స్నానం చేయించింది, అన్నం కలిపి తినిపించింది కూడా ఆమే. నిలవని గర్భాల లెక్క ఏ నష్టపరిహార పట్టికలోనూ లేదు.

యూజీన్ స్మిత్ 1971లో తీసిన ఒక ఫొటో ప్రపంచమంతటికీ తెలుసు. కూతురిని తొట్టిలో స్నానం చేయిస్తున్న తల్లి ఫొటో అది. ఆ అమ్మాయి 1977లో చనిపోయింది. తమ బిడ్డను ఇక విశ్రాంతి తీసుకోనివ్వాలని కుటుంబం కోరుకుంటే, 1998లో ఐలీన్ స్మిత్ ఆ ఫొటో మీద నిర్ణయాధికారాన్ని తల్లిదండ్రులకే అప్పగించారు. బాధను లోకానికి చూపడం అవసరమే. కానీ ఎంతవరకు, ఎవరి అనుమతితో అన్న ప్రశ్న మన రాతలకూ వర్తిస్తుంది.

ఇషిమురె ఈ ప్రశ్నను మరోలా ఎదుర్కొంది. 1927లో పుట్టి మినమాటాలో పెరిగిన గృహిణి ఆమె. డిగ్రీలు లేవు. ఆస్పత్రిలో రోగులను చూసి కదిలిపోయి, 1960లో ఒక చిన్న పత్రికకు ఈ జబ్బు గురించి రాసింది. 1969లో 'కుగాయ్ జోదో' పుస్తకం వచ్చింది. పేరులోనే దుఃఖసాగరమూ ఉంది, పుణ్యలోకమూ ఉంది. అందులో డాక్టర్ల నివేదికలు ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి. వాటి పక్కనే రోగులు తమ యాసలో మాట్లాడతారు. ఆ మాటలు టేపు పెట్టి రికార్డు చేసినవి కావు. నోరు పడిపోయినవాళ్ళ మనసులో ఉన్నదాన్ని ఆమె తన భాషలోకి తెచ్చుకుంది. అలాంటి పుస్తకానికి 1970లో నాన్‌ఫిక్షన్ బహుమతి ఇవ్వబోతే వద్దంది. పరిశోధకురాలిగా నాకిది ఇబ్బందికరమైన విషయమే. ఆధారం లేని గొంతును సాక్ష్యమంటామా? కానీ, ఆధారాలన్నీ చేతిలో ఉన్న కంపెనీ చెప్పింది అబద్ధం కదా!

మిగతా కథ తొందరగా చెప్పేయవచ్చు. 1968 మేలో చిస్సో ఆ తయారీని ఆపింది. ఆ పద్ధతి అప్పటికే పాతబడింది. ఆపిన నాలుగు నెలలకు ప్రభుత్వం తప్పు ఫ్యాక్టరీదేనని ప్రకటించింది. ఈలోగా 1965లోనే నీగాతాలో మరో కంపెనీ వల్ల ఇదే జబ్బు బయటపడింది. 1970లో రోగులు తలా ఒక షేరు కొని, తెల్లని యాత్రికుల దుస్తుల్లో చిస్సో వాటాదారుల సమావేశానికి వెళ్ళి నిలదీశారు. 1973 మార్చిలో కోర్టు రోగుల పక్షాన తీర్పిచ్చి, 'సానుభూతి' ఒప్పందం చెల్లదంది. పాదరసం మీద 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికకు మినమాటా పేరే పెట్టారు. మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది. మినమాటాలో ప్రభుత్వం రోగులుగా ధ్రువీకరించింది 2,200 మందికి పైగా మాత్రమే. 2023లో ఒసాకా కోర్టు మరో 128 మందీ రోగులేనంది.

2024 మే 1న, సంస్మరణ సభ తర్వాత రోగుల ప్రతినిధులు పర్యావరణ మంత్రితో మాట్లాడారు. ఒక్కొక్కరికి 3 నిమిషాలు. ఒకాయన చనిపోయిన తన భార్య గురించి చెబుతుండగా సమయం దాటిందని అధికారులు మైకు ఆపేశారు. దేశమంతా గగ్గోలెత్తాక మంత్రి వచ్చి క్షమాపణ చెప్పాడు.

ఆ వార్త చదివి అందరిలాగే మండిపడ్డాను. ఆ వెంటనే, మైకు ఆపడం నాకూ తెలిసిన పనేనని గుర్తొచ్చింది. నాకు ఏ మంత్రీ చెప్పలేదు, ఏ కంపెనీ డబ్బివ్వలేదు. ఏది పాట, ఏది సోది అని నేర్పిన నా చదువే నా చేత ఆ బటన్ నొక్కించింది.

పోయిన ఏడాది మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఆ పెద్దామె లేదు. నా దగ్గర ఆమె పాడిన రెండు నాట్ల పాటలున్నాయి, బాగా వినిపిస్తాయి. రెండో పాట చివర "నాట్లే లేవు" అన్న మాట దాకా ఉంటుంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె కోడలి దగ్గర కూర్చుని, అత్త బర్రెల గురించి ఏం చెప్పేదో అడిగాను. ఈసారి రికార్డర్ ఆపలేదు.