సంచార పశు ఆరోగ్య సేవ

సంచార పశు ఆరోగ్య సేవ అనేది పశువైద్యుణ్ణి, మందులను, పరీక్షా పరికరాలను వాహనంలో పశువు ఉన్నచోటికే చేర్చే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం. గుంటూరు జిల్లా తాడేపల్లిలో 2022 మే 19న 175 వాహనాలతో, నియోజకవర్గానికి ఒకటి చొప్పున మొదలైంది. 2023 జనవరిలో మరో 165 చేరాయి. పిలుపు సంఖ్య 1962. వాహనంలో వైద్యుడు, పశువైద్య డిప్లొమా చదివిన సహాయకుడు, డ్రైవరు ఉంటారు. పేడ, రక్త పరీక్షలకు సూక్ష్మదర్శిని, లేవలేని పశువును ఎక్కించే హైడ్రాలిక్ లిఫ్ట్ ముఖ్య సాధనాలు.

గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప మైదానాల్లో సేవలో సింహభాగం గేదెలు, ఆవులు, గొర్రెలదే. జట్కాలు కనుమరుగయ్యాక గుర్రాలు ఎక్కువగా పెళ్లి ఊరేగింపులకే పరిమితమయ్యాయి. సంఖ్య తక్కువైనా వాటి రోగాలు తేలికైనవి కావు. జోరీగల ద్వారా వ్యాపించే సర్రాను రక్తపరీక్షతో గుర్తిస్తారు. ధనుర్వాతానికి టీకా ఉంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది గ్లాండర్స్. బర్ఖోల్డేరియా మల్లై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే ఈ వ్యాధి మనుషులకూ సోకుతుంది, దీనికి టీకా లేదు. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం దీన్ని ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. నిర్ధారణ పరీక్షలు హిస్సార్‌లో 1985లో ఏర్పడిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతాయి. వ్యాధి నిర్ధారణ అయిన గుర్రానికి చికిత్స చేయరు. బాధ లేకుండా ప్రాణం తీసి, కళేబరాన్ని లోతుగా పూడ్చిపెడతారు.