కాకినాడ నుంచి మద్రాసుకు నీళ్ల బాట

నాంపల్లి స్టేషన్‌లో సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లిన హైదరాబాదీలు ఎన్ని తరాలవారో! ఆబిడ్స్‌లో కొన్న బట్టల సంచులు సీటు కింద పెట్టుకుని కునుకు తీస్తే, బెజవాడ (విజయవాడ) దాటేసరికి అర్ధరాత్రి. అక్కడి నుంచి పట్టాలకు తూర్పున, సముద్రం ఒడ్డు వెంబడి మరో దారి ఉందని చాలామందికి తెలియదు. ఆ రైలు మార్గం పడకముందు తెలుగు తీరాన్ని మద్రాసుతో కలిపింది బకింగ్‌హామ్ కాలువే.

1806లో బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన ఉప్పునీటి కాలువ దీనికి మొదలు. 1837లో అది ప్రభుత్వం చేతికి వచ్చింది. తర్వాత దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా ముక్కలు ముక్కలుగా పెరిగి చినగంజాం పక్కనున్న పెదగంజాం చేరింది.

ఉత్తరాన కథ వేరు. అక్కడ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. వాటి వెనకున్న ఇంజనీరు ఆర్థర్ కాటన్‌కు కాలువంటే పొలానికి నీరూ, పడవకు దారీ. అందుకే కాకినాడలో బయల్దేరిన పడవ ధవళేశ్వరం దగ్గర గోదావరి దాటి, విజ్జేశ్వరం లాకుల్లోంచి ఏలూరు కాలువ పట్టేది. బెజవాడలో కృష్ణ దాటి సీతానగరం మీదుగా కొమ్మమూరు కాలువలోకి దిగేది. పెదగంజాం దగ్గర మంచినీటి కాలువ ముగిసి ఉప్పునీటి కాలువ మొదలయ్యేది.  ఆ ఉప్పునీటి కాలువే బకింగ్‌హామ్ కాలువ. దాని పొడవు సుమారు 420 కిలోమీటర్లు, అందులో ఆంధ్రలో ఉన్నది 258.

లాకుల పనితనం చూసి తీరాలి. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. ముందు వైపు నుంచి నీళ్లు లోపలికి వదులుతారు. పడవ నిదానంగా పైకి లేచి ఎగువ మట్టానికి వచ్చాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఇంధనం చుక్క అక్కర్లేదు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగే మనుషులు. ధాన్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు అలాగే కదిలాయి.

బకింగ్‌హామ్ కాలువకు ఒక గవర్నరు పేరు పెట్టారు కానీ, తవ్విన చేతులు ఆకలివి. 1876-78 ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడిపోయింది. కరువు పనుల కూలీ కొన్నాళ్లు మగమనిషికి రోజుకు పౌను గింజలు, ఒక అణాకు దిగజారింది. ఆ కాలంలోనే కరువు పనిగా మద్రాసులో కూవం, అడయారు నదుల మధ్య ఎనిమిది కిలోమీటర్లు తవ్వారు. ఈ జలమార్గానికి పేరు పెట్టాల్సి వస్తే ఆ కూలీల పేరే పెట్టాలని నా గట్టి నమ్మకం.

1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. అలా హైదరాబాద్ సరుకుకు ఈ నీళ్ల బాట అందుబాటులోకి వచ్చింది. కానీ పదేళ్లలోనే, 1899లో, బెజవాడ–మద్రాసు రైలు మార్గం పడి కాలువ బేరాన్ని లాక్కుంది. వేసవిలో మరమ్మతులకు డెల్టా కాలువలు కట్టేస్తే పడవలు ఆగిపోయేవి, రైలు ఆగదు. 1960ల, 70ల తుపానులు గట్లు తెంచి, ఇసుక మేట వేశాయి. అయినా 2004 సునామీ నాడు ఎగసిన కెరటాన్ని చాలాచోట్ల ఈ కాలువే తనలోకి తీసుకుని పడమటి ఊళ్లను కాపాడింది.

2008లో ఈ నీళ్ల బాటను గోదావరి, కృష్ణలతో కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. తొలి పనులకు ముక్త్యాల–విజయవాడ మధ్య కృష్ణను ఎంచుకున్నారు. చెన్నైలో కాలువ గర్భంలోనే లోకల్ రైలు స్తంభాలు నిలబెట్టారు, అక్కడ పెద్ద పడవకు చోటెక్కడ? ఏలూరు, కొమ్మమూరు కాలువల్లో మాత్రం ఇంకా నీరు పారుతోంది. పూడిక తీసే యంత్రాల కంటే ముందు ఆ పాత లాకుల తలుపులు బాగుచేయాలి, గట్ల మీది ఆక్రమణలు తొలగించాలి, కాలువలోకి వచ్చే మురుగును ఆపాలి.