జైలు పుస్తకంలో ఆడవాళ్ళ పేర్లు

మా వంశంలో జైలు గుమ్మం తొక్కినవాళ్ళు లేరండీ అని పెళ్ళిచూపుల్లో గొప్పగా చెప్పుకునే పెద్దమనుషుల్ని మీరూ చూసే ఉంటారు. అదే పెద్దమనిషి కాఫీ గ్లాసు కింద పెట్టి, మా తాతగారు ఉప్పు సత్యాగ్రహంలో రాజమండ్రి జైల్లో ఆరు నెలలున్నారని చెబుతాడు, ఈసారి ఇంకొంచెం గొంతు పెంచి. వినేవాళ్ళు కూడా రెంటికీ తలూపుతారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు గాని, విచిత్రమేమిటంటే దొంగతనం చేసి వెళ్ళినవాడి పేరూ, దేశం కోసం వెళ్ళినవాడి పేరూ ఎక్కింది ఒకే పుస్తకంలో. రాసిన గుమాస్తా ఒక్కడే, సిరా ఒక్కటే.

అనకాపల్లి అనగానే బెల్లం మార్కెట్టూ, నూకాలమ్మ జాతరా తప్ప చాలామందికి ఇంకేమీ గుర్తు రావు. 2022 ఏప్రిల్ 4న మా ఊరు జిల్లా కేంద్రమయ్యాక కృష్ణదేవిపేట మా జిల్లాలోకి వచ్చింది. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న ఊరది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడ్డారాయన. అన్నిచోట్లా కలిపి 26 తుపాకులు పట్టుకుపోయారు. పట్టుకుపోయి ఊరుకోలేదు. ఏమేం తీసుకున్నదీ స్టేషను డైరీలో రాసి, కింద సంతకం కూడా చేశారు. పోలీసువారి పుస్తకంలో తన సంగతి తన చేత్తో రాసుకున్న మనిషి ఆయన. ఆయన అనుచరుడు గాం మల్లుదొర ఏళ్ళ తరబడి జైల్లో మగ్గి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇలాంటివాళ్ళు ఏ కొందరో. మిగిలిన వాళ్ళందరి సంగతీ పట్టుకున్నవాడు రాసిందే.

మనిషిని పట్టుకున్న దగ్గర్నుంచి కాగితం ఎలా నడుస్తుందో చెబుతాను. వెతికేవాళ్ళకి దారి అదే. మొదట పోలీసు స్టేషన్లో ఎఫ్.ఐ.ఆర్., డైరీ. తరవాత మేజిస్ట్రేటు కోర్టులో కేసు నంబరు, తీర్పు. తీర్పు వెంట జైలుకి వారంటు. జైలు గేటు దగ్గర అడ్మిషన్ రిజిస్టరు. అక్కడ ఖైదీకి ఒక నంబరు, ఒక హిస్టరీ టికెట్టు. పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఊరు, వయస్సు, శిక్ష, విడుదల కావలసిన తేదీ, ఒంటి మీద గుర్తులు, అన్నీ రాస్తారు. మన ఎస్సెల్సీ పుస్తకంలో రెండు పుట్టుమచ్చలు రాసినట్టే అక్కడా రాస్తారు. (సర్కారుకి పుట్టుమచ్చల మీద ఇంత గురి దేనికో!) బరువు కూడా తూచి రాస్తారు, వచ్చిన రోజు ఎంతో, వెళ్ళిన రోజు ఎంతో.

ఇప్పటి అరెస్టుల సంగతి వేరు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తరవాత, మనిషిని అరెస్టు చేస్తే మెమో రాసి సాక్షి సంతకం తీసుకోవాలి, ఇంట్లోవాళ్ళకి తెలియజెయ్యాలి. అరెస్టయినవాళ్ళ పేర్లు జిల్లా కంట్రోల్ రూము దగ్గర నోటీసు బోర్డు మీద పెట్టాలని చట్టంలోనే ఉంది. 2016 నుంచి, సున్నితమైన కేసులు మినహాయించి, ఎఫ్.ఐ.ఆర్.లు ఇంటర్నెట్టులో పెట్టాలన్నారు. మా వీధిలో ఒకావిడ కూతురికి సంబంధం వస్తే చాలు, జాతకం కంటే ముందు ఆ ఎఫ్.ఐ.ఆర్.లు వెతికిస్తోంది. ఆవిడ జాగ్రత్త ఆవిడది, కాదనను. కాని ఎఫ్.ఐ.ఆర్. అంటే ఒకరు ఇంకొకరి మీద చెప్పిన మాట, అంతే. తీర్పు కాదు. తీర్పు కావాలంటే కోర్టుకి నకలు దరఖాస్తు పెట్టుకోవాలి. బతికున్నవాళ్ళ జైలు కాగితాలు మూడో మనిషి అడిగితే సాధారణంగా ఇవ్వరు. ఇవ్వకపోవడమే న్యాయమని నాకనిపిస్తుంది.

నేను చెప్పబోయేది పోయినవాళ్ళ కాగితాల గురించి, అందులోనూ ఆడవాళ్ళవి.

మగవాళ్ళకయితే పేరు చెప్పడం ఒక సరదా. 1921లో కాశీలో మేజిస్ట్రేటు అడిగితే పదిహేనేళ్ళ చంద్రశేఖర్ తన పేరు ఆజాద్ అన్నాడు, తండ్రి పేరు స్వాతంత్ర్యం అన్నాడు, ఇల్లు జైలన్నాడు. మన ఆడవాళ్ళు ఏ హాస్యమూ ఆడకుండానే వాళ్ళ పేర్లు చెదిరిపోయాయి. 1922లో దువ్వూరి సుబ్బమ్మగారు ఏడాది శిక్షతో రాజమండ్రి జైలుకి వెళ్ళారు. ఆ తరవాత 1930లోనూ 1932లోనూ కల్లు దుకాణాల ముందూ, విదేశీ బట్టల కొట్ల ముందూ పికెటింగు చేసిన ఆడవాళ్ళు ఎంతోమంది రాయవేలూరు ఆడవాళ్ళ జైలుకి వెళ్ళారు. ఊరికి పదిమంది సుబ్బమ్మలు, పదిమంది సీతమ్మలు. ఇంగ్లీషులో ఒక్కో గుమాస్తా ఒక్కో స్పెల్లింగు. ఇంటిపేరు పుట్టింటిదా, అత్తింటిదా? అన్నిటికంటే పెద్ద చిక్కు భర్త పేరు. భర్త పేరు నోటితో పలక్కూడదని అప్పటి ఆచారం కదా! జెయిలరు ముందు నించున్నా సరే, నోరు పెగిలేది కాదు. పక్కనున్న కానిస్టేబులు ఏదో ఒకటి చెప్పేవాడు, లేదా తండ్రి పేరుతోనే సరిపెట్టేవారు.

మా మామ్మకి అక్కగారొకావిడ ఉండేది. పెద్దమామ్మ అనేవాళ్ళం. 1932లో బట్టల కొట్టు ముందు నించున్నందుకు నాలుగు నెలలు వేశారు. నా చిన్నప్పటికి బాగా ముసలిదైపోయింది. జైల్లో నేర్చుకున్న నాలుగు అరవం ముక్కలు మాట్లాడి మమ్మల్ని నవ్వించేది. రాగి సంకటి చూస్తే మాత్రం మొహం తిప్పుకునేది. అంతకుమించి జైలు గురించి ఆవిడ చెప్పగా నేను విన్నది తక్కువ.

1972 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకి పింఛను పెట్టింది. ఆరు నెలలు జైల్లో ఉండి ఉండాలన్నారు. ఏడాదికి 5000 రూపాయలకు మించి ఆదాయం ఉండకూడదన్నారు. పెద్దమామ్మవి నాలుగు నెలలే. ‘రెండు నెలలు తక్కువైందిటగా, వచ్చి పట్టుకెళ్ళమను, పూర్తి చేసేస్తాను’ అందిట! 1980 ఆగస్టు నుంచి రూలు మారింది. ఆదాయం లెక్క తీసేశారు, ఆడవాళ్ళకీ షెడ్యూల్డు కులాల, తెగల వారికీ మూడు నెలలు చాలన్నారు. అప్పుడు ఇంట్లో మగవాళ్ళకి హుషారొచ్చింది. రేషన్ కార్డులో ఉన్న అత్తింటి ఇంటిపేరుతో దరఖాస్తు రాశారు.

జైలు సర్టిఫికెట్టు కావాలన్నారు. ఎక్కణ్ణించి తేవడం? అరెస్టయింది అనకాపల్లిలో. జైలు రాయవేలూరులో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడివడినప్పుడు మనుషులు ఇటొచ్చారు, రాయవేలూరు అటుండిపోయింది, దాని పుస్తకాలతో సహా. వెళ్ళగొట్టిన దొర చేతి రాతే కావాలిట, మన సర్కారు మనకి దండ వెయ్యడానికి! ఉత్తరం మీద ఉత్తరం రాస్తే, ఆ పేరుతో రికార్డు లభ్యం కాలేదని ఒక కార్డు ముక్క వచ్చింది. రికార్డు లేకపోతే అదే జైల్లో ఉన్న తోటి ఖైదీల ధృవపత్రం తెచ్చుకోవచ్చని ఇంకో దారి ఉంది. జైల్లో ఎవరెవరున్నారు మామ్మా అనడిగితే, ‘నెల్లూరు వదిన, గుంటూరు అక్కయ్య, ఇంకో చీరాల పిల్ల’ అంది. నాలుగు నెలలు ఒకే కప్పు కింద పడుకున్నవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు వదినలూ అక్కయ్యలూ అయ్యారు గాని, ఇంటిపేర్లడిగి రాసుకున్నదెవరు? కాగితాలన్నీ బొత్తిపెట్టి అటక మీద పెట్టేశారు. 1986లో పెద్దమామ్మ పోయింది. ఇలాంటి కేసుల్లో నేర విచారణలో అడిగినంత గట్టి రుజువు అడక్కూడదని సుప్రీంకోర్టు గుర్‌దయాళ్ సింగ్ కేసులో చెప్పేసరికి 2001 అయింది.

2022లో స్వాతంత్ర్యానికి డెబ్భై అయిదేళ్ళు నిండిన సందర్భంలో ఒక స్కూల్లో స్థానిక సమరయోధుల పేర్లతో బోర్డు పెట్టారు. అందులో పెద్దమామ్మ భర్తగారి పేరుంది. ఆయన మంచివారే, ఖద్దరు కట్టారు, సభలకి అధ్యక్షత వహించారు. జైలుకి మాత్రం వెళ్ళలేదు. వెళ్ళినావిడ పేరు లేదు. మా వదిన వెళ్ళి అడిగితే, ‘కాగితం తెండమ్మా, రాయిస్తాం’ అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా వాళ్ళల్లో ఒక మగమనిషి, ‘అసలు వెళ్ళిందంటావా, ఊరికే చెప్పేదేమో’ అన్నాడు. ఆ మాటకి వదినకి వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

అలా మొదలుపెట్టాం ఇద్దరం. ఉస్మానియాలో చరిత్ర ప్రొఫెసరు సరోజినీ రేగాని గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్య సమరయోధుల వివరాలతో 1978 నుంచి ఇంగ్లీషులో సంపుటాలు వెలువడ్డాయి. ముందు అవి తిరగేశాం. ఎంతమంది ఆడవాళ్ళున్నారో! పెద్దమామ్మ లేదు. తరవాత పాత పత్రికలు. ఆంధ్రపత్రికలో అరెస్టుల వార్తలు వేసేవారు కాబట్టి, ఏ నెలలో ఏ కొట్టు ముందో పట్టుకోగలిగాం. తేదీ దొరికితే సగం పని అయినట్టే. జైలు పుస్తకాలు పేర్ల వరసన ఉండవు, తేదీల వరసన ఉంటాయి.

అప్పుడు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. 2005లో వచ్చిన చట్టమిది. ఫీజు పది రూపాయలు, జవాబుకి ముప్ఫై రోజులు గడువు. తప్పు ఆఫీసుకి పంపినా, అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకి వాళ్ళే పంపించాలి. ఇరవయ్యేళ్ళు దాటిన సంగతులకి చాలా మినహాయింపులు వర్తించవు. ‘మా మామ్మ జైలు రికార్డు ఇప్పించండి’ అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆడఖైదీల అడ్మిషన్ రిజిస్టరు, ఈ ఈ పేర్లలో ఏదైనా, అని రాయాలి. వదిన పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, తండ్రి పేరు, భర్త పేరు, ఇంగ్లీషులో ఆరు రకాల స్పెల్లింగులతో పట్టిక తయారుచేసింది.

కాగితం రెండు ఆఫీసులు తిరిగింది. ఎనిమిది నెలలకి పోస్టులో ఒక నకలు వచ్చింది. పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరు. పందొమ్మిదేళ్ళ మనిషికి పాతికేళ్ళు రాశారు. ఎడమ మోచేతి మీద మచ్చ, మెడ మీద పుట్టుమచ్చ. ఆ మెడ మీద పుట్టుమచ్చ నేను చూసిందే, చిన్నప్పుడు వేలు పెట్టి గిల్లి తిట్లు కూడా తిన్నాను. వచ్చినప్పుడు 96 పౌన్లు, వెళ్ళినప్పుడు 84. నాలుగు నెలలూ ఏం తిన్నావు మామ్మా అని ఎప్పుడూ అడగలేదు మేము. స్కూలువారు నకలు చూసి సంతోషించారు. ఈసారి బోర్డుకి రంగు వేయించినప్పుడు పేరు చేరుస్తామన్నారు. వదిన రంగు డబ్బా ఖరీదు అడిగి వచ్చింది.

మాకొచ్చింది ఒక్క వరస కాదు, మొత్తం పేజీ. పెద్దమామ్మకి పైనొకావిడ, కిందొకావిడ. ఇద్దరూ సత్యాగ్రహులు కారు. దుర్గాబాయమ్మగారు ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో మధుర జైల్లో ఉన్నప్పుడు హత్యానేరం మీద శిక్షపడ్డ ఆడవాళ్ళని చూశారు. తమ కేసేమిటో కోర్టులో చెప్పుకోవడం కూడా తెలియని వాళ్ళని చూసే తాను లా చదవాలని నిశ్చయించుకున్నారు. చదివారు కూడా. మా పేజీలో పై వరస ఆవిడది దొంగతనం కేసు. కింద వరస ఆవిడకి మూడేళ్ళ శిక్ష. వెంట ఆడపిల్ల, వయస్సు ఏడాదిన్నర. పేర్లు ఇక్కడ రాయను. కిందావిడ ఊరి పేరు దగ్గర సిరా పాకిపోయింది. మొదటి అక్షరం మాత్రం అనకాపల్లికి రాసినట్టే ఉంది. వదిన భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.