పీపాలో ముదిరిన రమ్ము విలువ

జొన్నాడ వద్ద గౌతమిని దాటు రహదారికి ఈశాన్యమున సామర్లకోట ఉన్నది. 18వ శతాబ్ది చివర అచ్చట తోట పెంచిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, గోదావరి డెల్టాలోను, ఏలేటి ఒడ్డునను రైతులు చెరకు నాటి బెల్లము వండు విధమును వివరముగా వ్రాసిపెట్టెను. తరువాతి కాలమున ఆ ఊరనే దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ చక్కెర కర్మాగారమును, సారాబట్టీని నడపినది. అబ్కారీ అనగా మద్యముపై సర్కారు సుంకము.

సుంకము వేయవలెనన్న సారా ఘాటు తెలియవలెను. పూర్వము ఇంగ్లండులో తుపాకిమందును సారాతో తడిపి నిప్పంటించి చూచెడివారని చెప్పుదురు. మందు అంటుకొన్నచో సారా 'ప్రూఫ్'కు నిలిచినట్లు. 1816 నాటి చట్టముతో సైక్స్ హైడ్రోమీటరు అధికార సాధనమైనది. ఆ కొలతలో ప్రూఫ్ అనగా ఘనపరిమాణమున నూటికి 57 పాళ్ళకు కొంచెము మించిన ఆల్కహాలు. సాంద్రతనుబట్టి ఘాటు తెలిసినది గాని, గుణము తెలియలేదు.

గుణమెట్లు వచ్చునో జమైకా రమ్ము తెలుపును. ఆ ద్వీపమున చెరకుతోటలు బానిసల చెమటతో పెరిగినవి. 1838లో వారికి పూర్తి విముక్తి కలిగిన పిమ్మట, 1845 నుండి 1917 వరకు సుమారు 36,000 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా అచ్చటికి చేరిరి.

చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌ను పులియబెట్టి బట్టీ పట్టినచో రమ్ము వచ్చును. జమైకాలో కొన్ని బట్టీలవారు, వెనుకటి బట్టీలో మిగిలిన పులుపునీటిని కూడ చేర్చి, దినములకొలది పులియనిత్తురు. అందలి బాక్టీరియా ఆమ్లములను పుట్టించును. ఆమ్లము ఆల్కహాలుతో కలిసి ఎస్టరు అగును. ఇథైల్ బ్యుటిరేటు అను ఎస్టరుకు అనాసపండు వాసన కలదు. 20వ శతాబ్ది ఆరంభమున జమైకా ప్రభుత్వ రసాయనజ్ఞుడు హెచ్. హెచ్. కజిన్స్ ఈ ఎస్టరుల విషయమై కృషిచేసెను. హాంప్‌డెన్ బట్టీలో ఒక రకమునకు, హెక్టోలీటరు శుద్ధ ఆల్కహాలుకు 1,500 నుండి 1,600 గ్రాముల ఎస్టరులుండును.

పిమ్మట రమ్మును ఓక్ పీపాలో నిలువ ఉంచుదురు. కర్రనుండి వెనిలిన్ మొదలగునవి దిగును; రంధ్రములగుండా ఆక్సిజన్ చేరును; రమ్ము కొంత ఆవిరియై పోవును. ఉష్ణదేశమున ఏటా నూటికి 6 పాళ్ళు తరుగునని కొన్నచో, పదేండ్లకు 100 లీటర్లలో సుమారు 54 లీటర్లే మిగులును. చలిదేశమున ఏటా 2 పాళ్ళే తరుగునన్నచో 82 లీటర్లు మిగులును. కనుక వయస్సు చెప్పినప్పుడు, ఎచ్చట ముదిరినదో కూడ చెప్పవలెను. ఇతర పీపాలతో కలుపక ఒకే పీపానుండి నింపిన రమ్ము, ఆ ఒక్క కర్ర చరిత్రనే చెప్పును. ఇంకొక పీపా దానివలె ఉండదు.

పరీక్షకులు పేరు, వయస్సు, ధర కనబడకుండ దాచి, మూతి సన్నని గ్లాసులో పోసి, ముందు వాసన చూతురు. పిమ్మట కొన్ని నీటిచుక్కలు కలిపి మరల చూతురు. ఆల్కహాలు ఘాటు తగ్గి మరుగున పడిన వాసనలు తేలును. రంగును నమ్మరు, మాడ్చిన చక్కెరతో రంగు తేవచ్చును. చక్కెర కలిపినచో సాంద్రత పెరిగి, హైడ్రోమీటరు ఘాటును తక్కువగా చూపును. అందుచేత రసాయనజ్ఞులు నమూనాను మరల స్వేదనము చేసి, రెండు కొలతలను పోల్చి మోసమును పట్టుదురు. ముక్కు చెప్పలేనిది సాధనము చెప్పును. సాధనము చెప్పలేనిది ముక్కు చెప్పును.

ఈ రెండును చెప్పని విలువ వేరొకటి కలదు. ఎన్ని ఏండ్లు ముదిరినను అందలి ఇథైల్ ఆల్కహాలు నాటుసారాలోనిదే. 1988లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యమును క్యాన్సరు కారకముల మొదటి వర్గమున చేర్చినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమునకు ఎదురునిలిచినప్పుడు, వారు చూచినది సువాసనను కాదు, ఇంటికి రాని కూలిడబ్బును. ఆ లెక్క ఏ పరీక్షకుని పట్టికలోను కనబడదు.