24 గంటల కడుపునొప్పి: కోయాల్సిందేనా?

ముందుగా ఒక మచ్చ గురించి చెప్తా. నా పొట్టకు కుడివైపు కింద, వేలెడంత ఉంటది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, నర్సింహులపేటలో నాలుగో తరగతి. రాత్రి బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి తెల్లారేసరికి కుడి పక్కకు దిగింది. మా దిక్కు అపెండిసైటిస్ అనరు, '24 గంటల నొప్పి' అంటరు. పేరులోనే గడియారం ఉంది. ఆర్‌ఎంపీ డాక్టర్ పొట్ట నొక్కి చూసి, "ఇయ్యాల్నే కోయించకపోతే పగుల్తది" అన్నడు. బస్సెక్కే లోపే మా బాపు ఎడ్ల జతకు బేరం కుదిర్చిండు. సాయంత్రానికి వరంగల్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్లో ఆపరేషన్ అయిపోయింది. వేరే దారి ఉందా అని అడగొచ్చన్న సంగతే బాపుకు తెల్వదు.

ఉందా మరి? వెనక్కి పోదాం.

రికార్డుల్లో ఉన్న మొదటి సక్సెస్‌ఫుల్ అపెండిక్స్ ఆపరేషన్ ఒక పిల్లాడికే జరిగింది. 1735, లండన్ సెయింట్ జార్జ్ హాస్పిటల్, సర్జన్ క్లాడియస్ అమ్యాండ్. ఆ బాబుకు 11 ఏళ్లు. గుండుసూది అపెండిక్స్‌కు చిల్లు పెట్టింది. మత్తుమందు అప్పటికి లేదు, మెలకువగా ఉండగానే కోశారు. (మన హైదరాబాద్‌లో నిజాం ఖర్చుతో క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నది 1888, 1889లో. అది ఇంకో ఎపిసోడ్.)

1886లో అమెరికా డాక్టర్ రెజినాల్డ్ ఫిట్జ్ ఈ జబ్బుకు అపెండిసైటిస్ అని పేరు పెట్టి, తొందరగా గుర్తుపట్టి తీసేయాలన్నాడు. అప్పటికి అది కరెక్టే. యాంటీబయాటిక్స్ లేని రోజులు, పగిలితే బతకడం కష్టం.

1902 సంగతి ఇంకా ఇంట్రెస్టింగ్. ఏడో ఎడ్వర్డ్, అంటే అప్పటి మన చక్రవర్తి కూడా, జూన్ 26న పట్టాభిషేకం. రెండు రోజుల ముందు ఫ్రెడరిక్ ట్రీవ్స్ ఆయన పొట్ట కోసి చీము తీశాడు. అపెండిక్స్‌ను మాత్రం తియ్యలే! ఆగస్టు 9న కిరీటం పెట్టుకుని, 1910 దాకా బతికాడు.

యాంటీబయాటిక్స్ వచ్చాక, ఇంగ్లండ్‌లో ఎరిక్ కోల్డ్రీ అనే సర్జన్ 471 మందికి కోత లేకుండా వైద్యం చేసి 1959లో రిపోర్ట్ రాశాడు. చనిపోయింది ఒక్కరే. అయినా కత్తి పక్కకు జరగడానికి దశాబ్దాలు పట్టింది.

పిల్లల లెక్కలు ఈ మధ్యవే. 2020లో అమెరికాలో 10 హాస్పిటళ్లు కలిసి చేసిన స్టడీలో, యాంటీబయాటిక్స్ ఎంచుకున్న 370 మంది పిల్లల్లో సుమారు 67 శాతానికి ఏడాది దాకా ఆపరేషన్ అవసరం పడలేదు. కానీ వాళ్లను ఏరి తీసుకున్నారు: స్కాన్‌లో పగులు, చీము, లోపల రాయి లేనివాళ్లే. మందు కూడా ఇంట్లో గోళీ కాదు, హాస్పిటల్లో పడుకోబెట్టి నరానికి ఎక్కించారు. 2025 జనవరిలో లాన్సెట్‌లో వచ్చిన ట్రయల్ ఇంకా గట్టిది, ఐదు దేశాలు, 936 మంది పిల్లలు. ఏడాదిలో యాంటీబయాటిక్ గ్రూపులో 34 శాతం మందికి వైద్యం ఫెయిల్, ఆపరేషన్ గ్రూపులో 7 శాతం. అంటే కత్తే ఇంకా గట్టి దారి. కానీ ముగ్గురిలో ఇద్దరు కోత లేకుండానే ఏడాది గట్టెక్కారు. పేరెంట్స్‌కు ఈ రెండు నంబర్లూ చెప్పాలి కదా? ఆలస్యం ప్రమాదమే, కానీ స్కాన్ తీసి మాట్లాడుకునే టైమ్ చాలాసార్లు ఉంటది.

పోయిన వానాకాలం మా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, పాపకు 24 గంటల నొప్పంట, ఏం జేద్దాం?" "అక్కా, ముందు పెద్దాసుపత్రికి తీస్కపో. స్కాన్‌లో రాయి ఉందా, పగిలిందా అని డాక్టర్‌ను అడుగు" అన్నా. అడిగింది. ఆ డాక్టర్ విసుక్కోకుండా స్క్రీన్ మీద చూపించాడట. రాయి ఉంది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు, మూడో రోజు పాప ఇంటికొచ్చింది.