మోటార్‌హోమ్ ట్రాన్స్‌మిషన్ వేడెక్కడం

ఇల్లులా అమర్చిన భారీ వాహనం మోటార్‌హోమ్. ఆటోమేటిక్ గేర్లున్న మోటార్‌హోమ్‌లకు నత్తనడక ట్రాఫిక్‌లో ట్రాన్స్‌మిషన్ వేడెక్కే ఇబ్బంది ఎదురవుతుంది.

కారణం: ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్‌లో, ఆ రెంటినీ నేరుగా కలిపే లాకప్ క్లచ్ తక్కువ వేగంలో పట్టదు. లోపలి ఆయిల్ సుడులు తిరిగి, ఇంజన్ శక్తిలో కొంత వేడిగా మారుతుంది. ఆయిల్‌ను చల్లార్చే కూలర్‌కు ఎదురుగాలీ తగలదు. ఆయిల్ సాధారణంగా 80–95 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటుంది. 120 దాటితే త్వరగా చెడి, ఎరుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది, మాడువాసన వస్తుంది.

నివారణ: ముందు బండికి ఎడం ఉంచి, వీలైనంతవరకు ఆగకుండా ఒకే తీరున కదలాలి. వాలు మీద బండిని యాక్సిలరేటర్‌తో కాక బ్రేకుతో నిలపాలి. విద్యుత్ ఫ్యాన్ ఉన్న అదనపు కూలర్ మేలు చేస్తుంది. వేడి పెరిగితే పక్కన ఆపి, న్యూట్రల్‌లో ఇంజన్ నడవనివ్వాలి. ఎందుకంటే ఇంజన్ కట్టేస్తే ఆయిల్‌ను కూలర్‌కు పంపే పంపు కూడా ఆగిపోతుంది.