పొద్దు వెంట తిరిగే సౌర ఫలకాలు

బోరుబావికి సౌర మోటారు అమర్చుకున్న రైతుకు మిట్టమధ్యాహ్నం నీరు ధారాళంగా వచ్చినా, ఉదయం, సాయంత్రం వేళల్లో ధార సన్నగిల్లుతుంది. ఫలకాలు ఒకే దిక్కుకు కదలకుండా ఉండటం, వాటి నుంచి వచ్చే ఓల్టేజీ మోటారు అవసరానికి సరితూగకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు. సూర్యుని అనుసరించి తిరిగే ట్రాకర్ మొదటి లోపాన్ని, ఓల్టేజీ పెంచే బూస్ట్ కన్వర్టర్ రెండో లోపాన్ని సరిదిద్దుతాయి. ఒకటి చేసే పనిని మరొకటి చేయలేదు.

కోణమే కీలకం

భూభ్రమణం వల్ల సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరిగినట్లు కనిపిస్తాడు. కిరణాలు ఫలకంపై నిటారుగా పడినప్పుడే పూర్తి కాంతి అందుతుంది. అవి 60 డిగ్రీలు ఒరిగి పడితే నేరుగా వచ్చే కాంతిలో సగమే దక్కుతుంది. తూర్పు నుంచి పడమరకు తిరిగే ఒక అక్షం ట్రాకర్ వల్ల, ఎండ బాగా కాసే ప్రాంతాల్లో ఏడాది ఉత్పత్తి సుమారు 15 నుంచి 25 శాతం వరకు పెరుగుతుంది. ఉత్తర దక్షిణాలకు కూడా వాలే రెండు అక్షాల ట్రాకర్‌తో ఈ పెరుగుదల 30 శాతం దాటవచ్చు. మబ్బు పట్టిన రోజున కాంతి అన్ని దిక్కుల నుంచి చెదిరి వస్తుంది కనుక ప్రయోజనం స్వల్పమే.

చిన్న ట్రాకర్లలో రెండు కాంతి సెన్సర్ల మధ్య ఒక అడ్డుపలక ఉంటుంది. సూర్యుడు పక్కకు జరిగితే ఒక సెన్సర్‌పై దాని నీడ పడుతుంది. ఆ తేడాను గుర్తించిన మైక్రోకంట్రోలర్, రెండింటిపై కాంతి సమానమయ్యే వరకు చిన్న మోటారుతో ఫలకాన్ని తిప్పుతుంది.

ఓల్టేజీ పెంపు ఇలా

72 సెల్స్ గల ఫలకం పనిచేసేటప్పుడు సుమారు 36 ఓల్టులు ఇస్తుంది. నాలుగు ఫలకాలను వరుసగా కలిపితే 144 ఓల్టులు వస్తాయి. 230 ఓల్టుల మోటారును నడిపే ఇన్వర్టర్‌కు 325 ఓల్టులకు మించిన డీసీ విద్యుత్తు అవసరం. ఈ అంతరాన్ని బూస్ట్ కన్వర్టర్ పూడుస్తుంది. ఇందులో తీగచుట్ట, ఎలక్ట్రానిక్ స్విచ్, డయోడ్, కెపాసిటర్ ఉంటాయి. స్విచ్ సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ఆన్ అయినప్పుడు తీగచుట్ట శక్తిని నిల్వ చేసుకుంటుంది. ఆఫ్ కాగానే ఆ శక్తి ఫలకం ఓల్టేజీకి తోడై కెపాసిటర్‌ను చేరుతుంది. స్విచ్ సగం సమయం ఆన్‌లో ఉంటే ఓల్టేజీ రెట్టింపవుతుంది. 60 శాతం సమయం ఉంటే రెండున్నర రెట్లయి, 144 ఓల్టులు 360కి చేరతాయి. అయితే ఓల్టేజీ పెరిగిన మేరకు కరెంటు తగ్గుతుంది. కొత్తగా విద్యుత్తు పుట్టదు, పైగా కొంత వేడి రూపంలో వృథా అవుతుంది.

ఎండ, వేడిమి మారేకొద్దీ ఫలకం గరిష్ఠ విద్యుత్తును ఇచ్చే ఓల్టేజీ కూడా మారుతుంది. మండువేసవిలో అది తగ్గుతుంది. కంట్రోలర్ స్విచ్ సమయాన్ని కొద్దికొద్దిగా మార్చి చూస్తూ, విద్యుత్తు పెరిగితే అదే దిశలో ముందుకు, తగ్గితే వెనక్కు జరుగుతూ గరిష్ఠ స్థానాన్ని పట్టుకుంటుంది.

చేత్తో తిప్పినా మేలే

ట్రాకర్‌లోని బేరింగులు, గేర్లకు దుమ్ము, తుప్పు, పెనుగాలుల బెడద తప్పదు. ఫలకాల ధరలు బాగా తగ్గినందున చిన్న కమతంలో ట్రాకర్‌కు బదులు ఒకటి రెండు ఫలకాలు అదనంగా పెట్టుకోవడమే చౌక కావచ్చు. అయితే కంట్రోలర్ పరిమితికి అవి లోబడి ఉండాలి. సౌర పంపుసెట్లకు కేంద్రం రూపొందించిన సాంకేతిక ప్రమాణాల్లో రోజుకు మూడుసార్లు చేత్తో తిప్పుకునే ఏర్పాటును కూడా పొందుపరిచారు. ఉదయం తూర్పునకు, మధ్యాహ్నం మధ్యకు, సాయంత్రం పడమరకు తిప్పితే పెద్దగా ఖర్చు లేకుండానే నీరు పారే సమయం పెరుగుతుంది. అనంతపురం ప్రాంతంలో ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. కనుక రుతువును బట్టి వాలును కూడా మార్చుకోవాలి.

వరుసలోని ఒక్క ఫలకంపై చెట్టునీడ పడినా మొత్తం ఉత్పత్తి దెబ్బతింటుంది. కన్వర్టర్ పెట్టెలోని కెపాసిటర్లలో స్విచ్ ఆపిన తరువాత కూడా కొంతసేపు ప్రాణాంతకమైన ఓల్టేజీ నిలిచి ఉంటుంది. మరమ్మతు వస్తే రైతులు స్వయంగా పెట్టె తెరవకుండా శిక్షణ పొందిన మెకానిక్‌ను పిలిపించడం శ్రేయస్కరం.